నిధి నిక్షేపాలు కొట్టేయించిన మేడం

మేడం పోయాక జమ్మలమడుగు చర్చిలో ఆమెను తలుచుకునే ఆదరణ కూడిక జరిగిన రోజు నేను వెనక వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కుంటూ ఉండిపోయాను. ముందు లేచినాయన "ఆమె ముఖం మీద చిరునవ్వు చెరిగేది కాదు" అన్నాడు. తర్వాత లేచినావిడ "ఒక్కరి మనసు నొప్పించి ఎరగదు" అంది. ఆమె పనిచేసిన కాలేజీ తరఫున వచ్చినాయన, ఆమె కరుణామూర్తి అని, వేలమంది జీవితాల్లో దీపాలు వెలిగించిందని కాగితం చూసి చదివాడు. కాగితం చూసుకోకుండా చెప్పలేనివాడు ఆ దీపాలను ఎప్పుడు చూశాడో నాకు తెలియదు.

నాకు తెలిసిన మేడం పిల్లలకు సున్నాలు వేసిన మనిషి. చిరునవ్వు సంగతికొస్తే, ఇన్నేళ్ళ పరిచయంలో ఆమె నవ్వగా నేను చూసింది ఒక్కసారి. అదెప్పుడో తర్వాత చెబుతాను. ఇక నొప్పించకపోవడం! ఆ హాల్లో ఉన్నవాళ్ళలో సగంమందిని ఆమె ఏడిపించే ఉంటుంది. ఈ మాట కొట్టేయాలి, నేను చూడలేదు. నన్ను మాత్రం నొప్పించింది. అది చూశాను కాబట్టి రాస్తాను.

ఆమెకు నేను ఏమీ కాను. ప్రొద్దుటూరు రిజిస్ట్రాఫీసు ఎదుట రేకుల షెడ్డులో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తక్కిన చదువంతా పాత పుస్తకాల అంగళ్ళలో, కోర్టు వరండాల్లో, ఎవరూ తెరవని చట్టాల పుస్తకాల్లో చదువుకున్నాను. పెద్ద చదువులవాళ్ళ మీద నాకు మొదటినుంచీ కోపమే. వాళ్ళకు తెలిసినదాని మీద కాదు, తెలియనిచోట కూడా తెలిసినట్టు నిలబడే తీరు మీద.

మేడం మొదట నా షెడ్డుకు వచ్చింది వాళ్ళ నాయన ఇంటి జాగా అమ్మడానికి. పొట్టి మనిషి, ముదురు రంగు నేత చీర, మెడలో నల్లదారానికి వేలాడే చిన్న భూతద్దం. వాళ్ళ చర్చి ఆడవాళ్ళు కొందరు శిలువ వేసుకునే చోట ఆమెకు భూతద్దం ఉండేది. కొనేవాడు బట్టల అంగడి సాయబు, మర్యాదస్తుడు. నేను దస్తావేజు చదివి వినిపించాను. హద్దుల దాకా ఆమె కళ్ళు మూసుకుని విన్నది. "నిధి నిక్షేప జల తరు పాషాణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగములతో" అని నేను రాగం తీయగానే కళ్ళు తెరిచింది.

"నిధి యాడుందప్పా?"

"అది మామూలుగా రాసేదే మేడం. అందరి దస్తావేజుల్లోనూ ఉంటాది."

"అందరి సంగతి అడగల్యా. మా నాయన జాగాలో నిధి ఉండేది నువ్వు చూసినావా?"

"లేదు మేడం."

"నేనూ చూడల్యా. ఇద్దరమూ చూడందాన్ని నేను ఎట్ల అమ్మేది, ఆయప్ప ఎట్ల కొనేది?"

సాయబు గాబరాపడ్డాడు. "అది రాయకుంటే రేపు నేను బోరేస్తే నీళ్ళు మీవంటారేమో మేడం."

"నీళ్ళుంటే నీవే. ఉండాయా?"

"బావి ఉంది గదా."

"బావి ఉంది. నీళ్ళుండాయా అని అడుగుతాండా."

ముగ్గురమూ ఆటో ఎక్కి పోయి చూసి వచ్చాం. బావిలో నీళ్ళు లేవు, పాత సైకిలు చక్రం ఒకటి ఉంది. పాత దస్తావేజులో ఉన్న వేపచెట్టుకు మొద్దు కూడా మిగల్లేదు. రాళ్ళు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. చివరికి ఆ దస్తావేజులో "పాషాణములతో" అని మాత్రం మిగిలింది. నీళ్ళు ఎప్పుడు పడినా కొన్నవాడివేనని వేరే వాక్యం రాయించి, సాయబు భయం కూడా తీర్చింది. ఎనిమిది భోగాల్లో ఏడు కొట్టేసిన దస్తావేజు నా జన్మలో అదే మొదటిది. షెడ్డులో పక్కవాడు వారం రోజులు నన్ను "ఏం మామా, నిధి దొరికిందా?" అని ఎగతాళి చేశాడు. ఆ తర్వాత నేను కూడా ఆ ఎనిమిది మాటలు చెయ్యి తిరిగినట్టు రాయడం మానుకున్నాను. గిరాకీ కొంత తగ్గింది. తగ్గనీ అనుకున్నాను.

ఆమె జమ్మలమడుగులో వృక్షశాస్త్రం చెప్పేదని, రిటైరైనా పనిలోనే ఉందని నాకు శివారెడ్డి ద్వారా తెలిసింది. శివ ఆమె పాత విద్యార్థి. పులివెందుల దగ్గర మోతుబరి కుటుంబం వాళ్ళది. చుట్టూ అందరూ చీనీ, అదే బత్తాయి తోటలు పెడితే ఇతను మాత్రం మూలకున్న చేలో కొర్ర రకాలను ఒకదానితో ఒకటి కలిపి, వాన లేకపోయినా నిలబడే రకం కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. ప్రొద్దుటూరు వచ్చినప్పుడల్లా నా షెడ్డులో కూర్చుని మేడం కథలు చెప్పేవాడు.

"పరీక్షలో మందారం పెట్టిండె మామా. చూసి వర్ణించమనింది. నేను పుస్తకంలో ఉండేదంతా రాసి పారేసినా. ఐదు రేకులు, మధ్యలో గొట్టంమాదిరి కేసరాలు, అన్నీ. సున్నా ఏసింది."

"ఎందుకు?"

"ముందురోజే ఆ పూలల్లో కేసరాలు కత్తిరించి పెట్టింది. పువ్వుకు లేనివి నేను రాసినా. నేనే గాదు, క్లాసంతా రాసినారు. మా ఇంట్లోవాళ్ళు గూడా పోయి అడిగినారు. 'మీవాడు రాసింది మందారమే. నేను పెట్టిన మందారం గాదు' అని పంపించేసింది."

చెబుతూ అతను నవ్వేవాడు. ఆ సున్నా అతని ఒంట్లో ఎక్కడో ఇంకా ఉందని ఆ నవ్వులోనే తెలిసేది.

కూరగాయల అంగట్లో ఆమెను చూడాలి. వంకాయ తీసి తొడిమ దగ్గర భూతద్దం పెట్టేది. "ఏందమ్మా, నా వంకాయకు పెండ్లిచూపులా?" అని అంగడామె దెప్పేది. మేడం తల ఎత్తకుండానే "పిల్ల బాగుంది, లోపల ఇంకొకడు కాపురం ఉండాడు" అని పురుగు రంధ్రం చూపించేది. బాగున్నదాన్ని బాగుందని కూడా అంత సూటిగానే చెప్పేది. అందుకే తిట్టుకుంటూనే ఆ అంగడామె ఆమెకు మంచివి ఏరి పక్కన పెట్టేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒకనాడు శివ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. అతని కొర్ర విత్తనం కొంటామని మాటిచ్చినవాళ్ళు వెనక్కు తగ్గారు. ఒక పెద్ద విత్తనాల కంపెనీ, కొర్రలో ఎండను ఓర్చుకునే గుణమిచ్చే ఒక జన్యువు వరుసను పట్టుకున్నామని పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. అది మంజూరైతే తమకు చిక్కు వస్తుందని కొనేవాళ్ళ భయం. మరుసటిరోజు ఇద్దరం జమ్మలమడుగు వెళ్ళి ఆ దరఖాస్తు ప్రతి మేడం ముందు పెట్టాం.

ఆమె దాన్ని కొన్నాళ్ళు దగ్గర పెట్టుకుని చదివింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పేటెంటంటే కొత్తది కనిపెట్టినవాడికి కొన్నేళ్ళపాటు ప్రభుత్వమిచ్చే హక్కు. దానికి బదులుగా వాడు ఏం కనిపెట్టాడో చదివినవాడికి తెలిసేలా పూర్తిగా రాసివ్వాలి. చూపించినంత మేరకే హక్కు అడగాలి. జన్యువు వరుస అంటే నాలుగే అక్షరాలను మార్చి మార్చి పేర్చిన పొడవాటి రాత. అందులో ఒక్క అక్షరం మారితే ఒక్కోసారి ఏమీ కాదు, ఒక్కోసారి మొత్తం పని చెడుతుంది. ఏది మారితే ఏమవుతుందో ముందే చెప్పడం కష్టం, చేసి చూడాలి.

"వీళ్ళు చేసి చూసింది ఒక్క వరుస. అది పనిచేస్తాంది, బాగానే చేసినారు. అది వాళ్ళకు రానీ, నాకేం అడ్డం లేదు. కానీ కింద అడిగింది చూడు. ఈ వరుసా, దీంతో నూటికి డెబ్బై పాళ్ళు కలిసే వరుసలన్నీనూ, యా మొక్కలో ఉన్నా సరే. ఆ అన్నిట్లో ఎన్ని పనిచేస్తాయో వాళ్ళకే తెలీదు. శివ కొర్రను పరీక్ష చేయిస్తే ఎనభై పాళ్ళ పైన కలిసింది. వాళ్ళు ఆ కొర్రను కంటితో గూడా చూడల్యా."

నాకు మండిపోయింది. "ఇదేం అన్యాయం మేడం! నేను పోయి, ఈ సర్వే నెంబరుతో నూటికి డెబ్బై పాళ్ళు కలిసే నెంబర్లన్నీ నా భూములే అని దస్తావేజు రాసుకుంటే? సగం ప్రొద్దుటూరు నాదవుతాది. రిజిస్ట్రారు కుర్చీ గూడా నా జాగాలోనే ఉంటాది."

అప్పుడు నవ్వింది. నేను చూసిన ఒక్కసారి అదే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, భూతద్దం ఊగేట్టు నవ్వింది. వెంటనే ఆపి, "తమాషాగా ఉంది గానీ జవాబు గాదప్పా" అంది. "సర్వే నెంబరు మనుషులు పెట్టుకున్న గుర్తు. ఇది ఆ మొక్క లోపల పనిచేసే రాత. ఒకదానితో ఒకటి కలిసేది ఎందుకో, ఎంతవరకో చూపిస్తే వాళ్ళు కొంచెం ఎక్కువ అడగొచ్చు. చూపించల్యా. మనం చెప్పాల్సింది అది."

పేటెంటు మంజూరు కాకముందు ఎవరైనా అడ్డం చెప్పవచ్చని చట్టంలో ఉంది. ఆ "ఎవరైనా" అన్న మాట మేడం నాకు చదివి వినిపించి, కాగితం మీద దాని పక్కన వేలు పెట్టి, కాసేపు తీయలేదు. అభ్యంతరం ఆమె పేరుతోనే వేయాలని నిర్ణయించుకున్నాం. ఆమె చెబితే నేను రాయాలి. దస్తావేజుల చెయ్యి కదా, రాత కుదురుగా ఉంటుందని ఆమె నమ్మకం.

మా గొడవ కొండాపురం దారిలో వచ్చింది. గండికోట రిజర్వాయరు నీళ్ళలో ఊరు మునిగిపోయినవాళ్ళ కాలనీలో ఒక పెద్దాయన ఉన్నాడని, కంపెనీవాళ్ళు ఒకప్పుడు వాళ్ళ ఊళ్ళోనే కొర్ర పట్టుకుపోయారని అంటున్నాడని శివ చెప్పాడు. శివ కారులో ముగ్గురం పోయాం. పెద్దాయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"జీపులో వచ్చిన్యారమ్మా. మా మిట్ట చేలో వానల్లేని ఏడు గూడా నిలబడిన కొర్ర అది. వెన్నులు కోసుకోని సంచిలో ఏసుకోని పోయిన్యారు."

"ఎవరు వచ్చింది?" అని మేడం అడిగింది.

"ఏమో తల్లీ. టోపీలు పెట్టుకోనుండ్రి. టోపీ మీద ఏమో రాసిండె. నాకు చదువు యాడిది?"

"ఆ విత్తనం ఏమన్నా మిగిలిందా?"

"ఊరు ఖాళీ చేసేటప్పుడు ఒక సంచి తెచ్చుకుంటిమి. ఈడ ఇంటికి జాగా ఇచ్చిన్యారు, విత్తేదానికి చేను ఏదీ? శానా దినాలు దాచి చూస్తిమి. ఆఖరికి దంచుకోని అన్నం వండుకుంటిమి." మా వైపు తిరిగి, "అన్నం మాత్రం శానా బాగుండె" అన్నాడు.

తిరుగుదారిలో నేను ఆగలేకపోయాను. "ఇంకేం గావాల మేడం? మా కొర్ర దొంగిలించి దాన్నే కనిపెట్టినామంటాండారు అని రాయండి. ఈ జన్యువు మా మిట్ట చేలల్లో తాతల కాలం నుంచి ఉందని రాయండి."

"నువ్వు చూసినావా?"

"ఆయప్ప చూసినాడు గదా!"

"జీపు చూసినాడు. వెన్నులు కోసేది చూసినాడు. అది ఆయప్ప మాటగానే రాస్తా. ఊరు నీళ్ళలో పోయింది, అది నేను చూసినా, రాస్తా. ఆ వెన్నులే ఈ దరఖాస్తులోకి ఎక్కినాయని ఎవరు చూసినారు?"

"ఊరు పాయె, చేను పాయె, ఇత్తనం పాయె. రుజువు గూడా ఆ పోగొట్టుకున్నోళ్ళనే తెమ్మంటారా మీరు? చదువుకున్నోళ్ళంతా ఇంతే. పేదోడు మాట్లాడితే సాక్ష్యం యాడ అంటారు."

ఆమె కారు ఆపమంది. శివ ఆపాడు. అంత ఎండలో రోడ్డు పక్కన దిగి నిలబడి నాతో అంది: "ఏమప్పా, వాళ్ళు చూడంది అడిగినారని గదా నువ్వు మండిపడతాండావు. మనం చూడంది రాస్తే, వాళ్ళకూ మనకూ తేడా ఏంది? మనం పేదోళ్ళమనా? పేదోనికి అబద్ధం రాసిపెట్టేది సాయం గాదు. వాళ్ళ వకీలు ఆ ఒక్క ముక్క పట్టుకుంటాడు, లాగితే నిజాలన్నీ దాంతోపాటు ఊడి వస్తాయి. అప్పుడు పోయేది నువ్వూ నేనూ గాదు. వీని చేను."

వీడంటే శివ. అతను స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ పెద్దాయన అబద్ధమాడలేదని నేను నమ్ముతాను. నమ్మేది వేరు, చూపించేది వేరు అని ఆమె అంటుంది. రెంటి మధ్య ఎంతమంది పేదోళ్ళు జారిపోతారో ఆమెకూ తెలుసు. తెలిసీ ఆమె ఆ గీత దాటలేదు. అభ్యంతరం ఆమె చెప్పినట్టే రాశాను: చూపించింది ఒకటి, అడిగింది అన్నీ. పెద్దాయన మాట పెద్దాయన మాటగానే, వేలిముద్రతో, వేరే కాగితంగా జత చేశాం.

విచారణ తేదీ రాకముందే ఆమెకు జబ్బు ముదిరింది. కడప ఆసుపత్రిలో చూడడానికి వెళితే పక్కనున్న బత్తాయిని అటూ ఇటూ తిప్పుతూ, "నేను పోతే వాళ్ళు అడ్డం చెప్పినామె లేదు గదా అంటారు. ఇంకొకటి ఏసి పెట్టు, నీ పేరుతో" అంది.

"శివ పేరుతో ఏస్తే మేలు గదా మేడం? చదువుకున్నోడు."

"వానికి లాభముంది అంటారు. నీకు కొర్ర చేను గూడా ల్యా." అలసటతో కళ్ళు మూసుకుని, "చట్టంలో ఎవరైనా అని ఉంది. నువ్వు ఎవరైనావే గదా" అంది. ఇది పొగడ్తో తిట్టో ఆమె చెప్పలేదు. నేను నా పేరుతో వేశాను. కొన్నాళ్ళకు ఆమె పోయింది.

ఆమె అన్నట్టే జరిగింది. విచారణ కంప్యూటరు తెర మీద. పులివెందులలో శివ ఇంట్లో, నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాను. కంపెనీ వకీలు ముందుగా, అడ్డం చెప్పినామె చనిపోయింది కాబట్టి అది వదిలేయవచ్చు అన్నాడు. పేటెంటు ఆఫీసు అధికారిణి కాగితాలు తిప్పి, ఇంకొకరు ఉన్నారు కదా అని నా పేరు పిలిచింది. వకీలు నా చదువేమిటని అడిగాడు. ఐదో తరగతి అని చెప్పాను. అధికారి, ఆ ప్రశ్న ఇక్కడ అక్కర్లేదు అంది.

నా ఇంగ్లీషు పుస్తకాల్లో నేర్చుకున్నది, ముక్కలు ముక్కలుగా వస్తుంది. వచ్చినంతవరకు మేడం రాయించిందే చెప్పాను. అధికారి విని ఒక ప్రశ్న వేసింది. "ఈ జన్యువు మీ ప్రాంతపు పాత కొర్రలో ముందునుంచే ఉండేదని మీ వాదనా?"

తెరలో కనిపించకుండా పక్కన కూర్చున్న శివ నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. అవునను మామా, అని ఆ చెయ్యి చెబుతోంది. అవునంటే పని సులువు. ఆ పెద్దాయన సంచి, దంచుకుని తిన్న అన్నం, నీళ్ళలో పోయిన మిట్ట చేను, అన్నీ నా నాలుక మీదికి వచ్చాయి.

"నేను చూడలేదు మేడం" అన్నాను. "ఉండొచ్చు. చూడలేదు. ఆ విత్తనం మిగల్లేదు. నేను చూసింది వాళ్ళ దరఖాస్తు. అందులో వాళ్ళు చేసి చూపించింది ఒకటి. మిగతావి చేసి చూసినట్టు ఏ పేజీలోనైనా ఉంటే నాకు చూపించమనండి, నా అభ్యంతరం ఇప్పుడే వెనక్కు తీసుకుంటాను."

అధికారి వకీలు వైపు తిరిగి, "చూపించండి" అంది. ఆయన, తెలిసినవాళ్ళు ఎవరైనా ప్రయత్నిస్తే మిగతావి దొరుకుతాయి అన్నాడు. దొరకబోయేవి. మేడం దస్తావేజులో కొట్టేయించిన ఆగామి, సాధ్యములు. అధికారి అడిగింది పేజీ. ఆయన చాలాసేపు వెతికాడు.

తెర ఆరిపోయాక శివ నా మీద ఎగిరాడు. "ఒక్క అవును అనింటే పోయేది గద మామా! నా బతుకు ఆడ ఏలాడతాంటే నీకు ఇప్పుడేనా సత్యం?"

"మీ మేడం సున్నా ఏస్తాదిరా" అన్నాను.

అతను లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

ఉత్తర్వు వచ్చింది. కంపెనీ చేసి చూపించిన ఆ ఒక్క వరుస వరకు హక్కు. డెబ్బై పాళ్ళ మాట కొట్టివేత. శివ కొర్ర దాని బయట ఉంది. విత్తనం కొనేవాళ్ళు మళ్ళీ ఫోను చేశారు. అయితే ఇది ముగియలేదు. అదే కంపెనీ కొట్టేసిన డెబ్బైని తొంభై చేసి, మాటలు కొంచెం మార్చి, ఇంకొక దరఖాస్తు పెట్టిందని మొన్ననే తెలిసింది. పెట్టనీ. దానికీ నేను ఎవరైనానే. అందులో కొత్తగా ఏమైనా చేసి చూపించి ఉంటే ఒప్పుకుంటాను, లేకుంటే లేదని రాస్తాను.

ఈసారి కొర్రను నేను కూడా దగ్గరగా చూసి తెలుసుకోవాలి. చెప్పేవాళ్ళు లేరు కదా. ఆమె భూతద్దం వాళ్ళ తమ్ముడి దగ్గర ఉంది. కూడిక అయ్యాక, కావాలంటే తీసుకోమన్నాడు. వద్దన్నాను. నాకిస్తానని ఆమె ఎక్కడా రాయలేదు. ప్రొద్దుటూరులో కళ్ళద్దాల అంగట్లో ఒకటి కొని నల్లదారం కట్టుకున్నాను. షెడ్డులో పక్కవాడు "ఏం మామా, ఈ వయసులో సోకు?" అంటున్నాడు.

శివ చేలో కొర్ర వెన్ను తీస్తోందట. రేపు పొద్దున పులివెందుల బస్సుకు పోతున్నాను. అది ఎట్లా ఉందో ఇప్పుడు చెప్పను. చూసి వచ్చి రాస్తాను.